కినుయో తనాకా జపాన్‌లో తొలి మహిళా దర్శకురాలా?

కాదు. 1936లోనే తజుకో సకానే కథాచిత్రం తీశారు. తనాకాది రెండో స్థానం. అయితే తనాకా మెగాఫోన్ పట్టేనాటికే పెద్ద తార.

షిమొనోసెకిలో 1909లో పుట్టారు. 1924లో షోచికు అనే సినిమా సంస్థలో చేరి, మూకీల్లో ఎదిగి, 1931లో జపాన్‌లో విజయవంతమైన మొదటి పూర్తి టాకీలో నటించారు. 1949లో అమెరికా వెళ్లి, మరుసటి ఏడాది నల్లకళ్లద్దాలతో, గాల్లో ముద్దులు విసురుతూ తిరిగి జపాన్‌లో దిగితే పత్రికలు ఆమెను దారుణంగా ఏకిపారేశాయి. దానికి సమాధానం దర్శకుడు మిజోగుచి తీసిన 'లైఫ్ ఆఫ్ ఓహరు' (1952). అంతఃపుర పరిచారిక నుంచి వీధుల్లో ముష్టెత్తే ముసలమ్మ దాకా ఒకే పాత్ర. ఆమె నటన చూడాలంటే నా మాటగా ముందు ఇదే చూడండి.

దర్శకత్వానికి ఆ మిజోగుచే అడ్డుచెప్పారు. ఆమె ఆగలేదు. 1953 నుంచి 1962 వరకు ఆరు సినిమాలు తీశారు. మొదటిది 'లవ్ లెటర్' కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది. రెండోదానికి స్క్రిప్టు రాసినవాళ్లలో ప్రముఖ దర్శకుడు ఓజు ఒకరు. మూడోది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన కవయిత్రి కథ. 1955లో ఓ స్త్రీ శరీరాన్ని, కోరికను అంత నిర్భయంగా చూపడం నిజంగా సాహసం.

తర్వాత మళ్లీ నటనే. 'సందకన్ 8'కు 1975లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. 1977లో కన్నుమూశారు.