మోకాలి స్కానింగ్ గురించి డాలస్‌లో చదువుకుంటున్న మా అబ్బాయికి

చిరంజీవి నాన్నకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

క్రికెట్ ఆడుతూ బంతి కోసం పరుగెత్తి ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు నీ మోకాలు మెలిపడిందనీ, లోపల టప్పుమని చప్పుడైందనీ, సాయంత్రానికల్లా చిప్ప కనిపించనంతగా వాచిందనీ మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియలేదు. ముప్ఫై మైళ్ల దూరంలో ఉన్న నాకు నువ్వెందుకు చెప్పలేదో కూడా తనే చెప్పింది. ఇక్కడ ఎంఆర్‌ఐ స్కానింగ్ అంటే వేల డాలర్లు పోతాయని నీతో ఉండే పిల్లలు భయపెట్టారట, అందుకని ఐసు పెట్టుకుంటూ, నొప్పి మాత్రలు మింగుతూ పది రోజులు గడిపావట. నాన్నా, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు గానీ సగమే నిజం. అదే మోకాలికి, అదే రకం యంత్రం మీద, అదే అరగంట పనికి నువ్వు ఏ గుమ్మం తొక్కావన్నదాన్ని బట్టి ఒకచోట 400 డాలర్లు, మరొకచోట 3,000 డాలర్లు తీసుకునే దేశమిది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో పద్దెనిమిదేళ్లు ఒక స్కానింగ్ సెంటరులో బిల్లులు చూసిన దాన్ని కాబట్టి నీకు వివరంగా రాస్తున్నాను. ఓపికగా చదువు.

ఆ ఉద్యోగంలో చేరకముందు మేమూ నష్టపోయినవాళ్లమే. 2004 శీతాకాలంలో మీ పెదనాన్న ఇంటి ముందు మంచు మీద జారి భుజం మీద పడ్డారు. చూసిన డాక్టరు కాగితం రాసిచ్చి కింది అంతస్తుకు వెళ్లమన్నాడు, మేము లిఫ్టెక్కి వెళ్లాము. ధర అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. నెల తిరిగాక ఆ ఆసుపత్రి నుంచి 2,900 డాలర్ల బిల్లు వచ్చింది, అది చూసి తేరుకునేలోపే ఆ ఫోటోలు చదివిన రేడియాలజిస్టు పేరుతో 310 డాలర్ల బిల్లు విడిగా వచ్చింది. రెండేళ్ల తర్వాత నేను ఉద్యోగంలో చేరిన సెంటరు ఆ ఆసుపత్రికి రోడ్డు అవతలే ఉంది. సొంతంగా డబ్బు కట్టేవాళ్లకు అక్కడ అదే భుజం స్కానింగ్ 500 డాలర్ల లోపే. ఆ రోజు రోడ్డు దాటి ఉంటే చాలునని మీ పెదనాన్న ఇప్పటికీ అంటారు.

ధర సంగతికి ముందు అసలు అవసరం సంగతి చూడాలి. దెబ్బ తగిలిన ప్రతి మోకాలికీ ఎంఆర్‌ఐ అక్కర్లేదు. ఎముక విరిగిందేమోనన్న అనుమానం తీర్చడానికి ఎక్స్‌రే చాలు, దానికి కూడా కెనడాలో ఒటావా డాక్టర్లు ఏర్పరిచిన సులువైన నియమాలున్నాయి. మోకాలిని తొంభై డిగ్రీల దాకా వంచలేకపోయినా, నాలుగు అడుగులు బరువు మోపి నడవలేకపోయినా, చిప్ప మీదనే నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలి బయటివైపు కింద తగిలే ఎముక తల నొక్కితే నొప్పి ఉన్నా, వయసు 55 లేదా అంతకు మించి ఉన్నా ఎక్స్‌రే తీయాలంటారు. ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు, వాటి మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ లాంటి మెత్తని భాగాలు ఎక్స్‌రేలో కనిపించవు. అయితే అనుభవమున్న డాక్టరు ముందు చేత్తోనే చూస్తాడు. నిన్ను పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని రెండో చేత్తో పిక్కను ముందుకు లాగి, ఎముక ఎంత కదిలిందో, చివర గట్టిగా ఆగిందా లేదా అని గమనిస్తాడు. నీకు చప్పుడు వినిపించి కొన్ని గంటల్లోనే వాచిందంటే ఏసీఎల్ అనే ముఖ్యమైన లిగమెంటు తెగిందేమోనన్న అనుమానం న్యాయమైనదే కాబట్టి ఎంఆర్‌ఐ రాసే అవకాశం ఎక్కువ. అయినా ఆ మాట డాక్టరు నోటి నుంచి రావాలి.

కాలు పూర్తిగా చాపలేకుండా బిగుసుకుపోయినా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, వాపుతోపాటు జ్వరం వచ్చినా, పిక్క ఉబ్బి ఆయాసం వచ్చినా డబ్బు లెక్క చూడకుండా ఆ క్షణమే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు. డబ్బు కట్టగలవా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా పరీక్షించి ప్రాణాపాయం తప్పించాల్సిన బాధ్యతను 1986 నాటి కేంద్ర చట్టం ఆ ఆసుపత్రుల మీద పెట్టింది. బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు, నేనున్నాను.

అవేవీ లేవని మీ అమ్మ చెప్పింది కాబట్టి నీ మొదటి అడుగు విశ్వవిద్యాలయం ఆవరణలోని విద్యార్థుల ఆరోగ్య కేంద్రం. అక్కడ చూపించుకోవడానికి ఖర్చు తక్కువ, చాలా విద్యార్థి ఇన్సూరెన్సుల్లో అక్కడి నుంచి రిఫరల్ తెచ్చుకుంటే నీ మీద పడే వాటా కూడా తగ్గుతుంది. వాళ్ల దగ్గర ఖాళీ లేకపోతే, అపాయింట్‌మెంట్ లేకుండానే చిన్నచిన్న దెబ్బలు చూసే అర్జెంట్ కేర్‌కు వెళ్లు. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో. మన టెక్సస్‌లో కిరాణా దుకాణాల పక్కన, చూడటానికి అర్జెంట్ కేర్‌లాగే ఉండే చిన్న భవనాల మీద ‘ఎమర్జెన్సీ’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. అవి ఆసుపత్రికి అనుబంధం లేకుండా విడిగా నడిచే ఎమర్జెన్సీ గదులు. లోపలి కుర్చీలూ, కాఫీ యంత్రమూ ఒకేలా ఉన్నా బిల్లు మాత్రం ఎమర్జెన్సీ లెక్కన వస్తుంది, ఒక్క ఎక్స్‌రే కోసం వెళ్లి వేయి డాలర్లు దాటిన బిల్లుతో బయటికి వచ్చిన పిల్లలను నేను చూశాను. బోర్డు మీద ఆ మాట ఉంటే, ప్రమాదం లేనప్పుడు లోపలికి అడుగు పెట్టకు.

డాక్టరు ఎంఆర్‌ఐ కావాలన్నప్పుడు ‘మా వాళ్లే అపాయింట్‌మెంట్ పెడతారు’ అంటారు. వద్దని మర్యాదగా చెప్పి, ఆర్డరు కాగితం నీ చేతికిమ్మని అడుగు. డాక్టరుతో సంబంధమున్న చోటే చేయించుకోవాలన్న నిర్బంధం లేదు, ఆ కాగితం పట్టుకుని నీ ఇన్సూరెన్సు ఒప్పుకునే ఏ సెంటరుకైనా వెళ్లవచ్చు. కాగితం మీద అయిదంకెల సంఖ్య ఉందో లేదో చూడు. బొమ్మ మరింత స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు లేకుండా మోకాలికి తీసే ఎంఆర్‌ఐ సంఖ్య 73721. చివరి అంకె 2 ఉంటే మందు ఎక్కించి తీస్తారు, 3 ఉంటే ముందు మందు లేకుండా, తర్వాత మందుతో రెండుసార్లు తీస్తారు, ధరా అలాగే పెరుగుతుంది. ఆటలో తగిలిన ఇలాంటి దెబ్బకు మామూలుగా మందు అవసరం ఉండదు కాబట్టి 73721 కాకుండా వేరే సంఖ్య కనిపిస్తే ఎందుకని అడుగు, కారణం ఉంటే చెబుతారు.

ఇక అసలైన పని ఫోన్ దగ్గర ఉంది. ఒక కాగితం మీద గళ్లు గీసుకుని, ఆసుపత్రులతో సంబంధం లేని నాలుగైదు స్కానింగ్ సెంటర్లకు ఉదయం పూట ఫోన్ చెయ్యి. ‘మోకాలి ఎంఆర్‌ఐకి ఎంత?’ అని అడిగితే ‘అది మీ ఇన్సూరెన్సును బట్టి ఉంటుంది’ అంటారు, నేనూ అలా చెప్పినదాన్నే, ఎందుకంటే ఆ ప్రశ్నకు మా తెరమీద జవాబు ఉండదు. అలా కాకుండా ‘73721కు మీ సెల్ఫ్ పే ధర, అంటే ఇన్సూరెన్సు వాడకుండా సొంతంగా కట్టే ధర ఎంత, రేడియాలజిస్టు చదివే రుసుము అందులో కలిసి ఉందా, వేరే ఎవరి పేరుతోనైనా మళ్లీ బిల్లు వస్తుందా?’ అని ఒక్క గుక్కలో అడిగి చూడు. అవతలి మనిషి గొంతు మారుతుంది, తెర మీద సంఖ్య కొట్టి అసలు అంకె చెబుతుంది. ఆమె పేరూ, సమయమూ రాసుకో. సెంటరు పేరు విన్నప్పుడు అది ఏదైనా ఆసుపత్రి వ్యవస్థకు చెందినదా అని కూడా అడుగు, బయట ఊళ్లో ఉన్నా ఆసుపత్రి శాఖ అయితే ఆసుపత్రి ధరే వేస్తారు. యంత్రం 1.5 టెస్లాదా, 3 టెస్లాదా అని నీ స్నేహితులు అడగమంటారు, అది యంత్రంలోని అయస్కాంతం బలం కొలత. 1.5 టెస్లా యంత్రం నీ మోకాలికి ధారాళంగా సరిపోతుంది, దానికోసం రెండు వందలు ఎక్కువ పోయకు. ఆసుపత్రులు కూడా నగదు ధరలతో సహా తమ రేట్లను బయటపెట్టాలని 2021 జనవరి నుంచి కేంద్ర నిబంధన ఉంది, పోల్చి చూడటానికి అవి పనికొస్తాయి.

ఇన్సూరెన్సు వాడాలా, నగదు ధర కట్టాలా అన్నది తొందరపడి తేల్చే ప్రశ్న కాదు. నీ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు కట్టడం మొదలుపెట్టేలోపు నీ జేబులోంచి పోయే మొత్తం 500 డాలర్లు, ఆపైన నీ వాటా ఇరవై శాతం అని చెప్పావట. ఇన్సూరెన్సు ఒప్పందం ప్రకారం ఒకచోట స్కానింగ్ ధర 900 అనుకుంటే నువ్వు మొదటి 500, మిగిలిన నాలుగు వందల్లో 80, మొత్తం 580 కడతావు. రోడ్డు అవతల నగదు ధర 425 ఉంటే అది చవకగా కనిపిస్తుంది. కానీ ఆ 425 దానంతటదే నీ డిడక్టిబుల్ లెక్కలోకి రాదు, కలుపుతారేమో ఇన్సూరెన్సు వాళ్లనే అడుగు. తర్వాత ఏసీఎల్ తెగిందని తేలి ఈ పాలసీ సంవత్సరంలోనే ఆపరేషన్ అవసరమైతే ఆ 500 మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. అందుకే డాక్టరు చేత్తో చూసి ‘ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు’ అంటే ఇన్సూరెన్సు దారిలోనే వెళ్లు, ‘నిర్ధారణ కోసమే’ అంటే నగదు ధర మేలు. ఇన్సూరెన్సు దారిలో వెళితే ఆ సెంటరు నెట్‌వర్కులో, అంటే ఇన్సూరెన్సుతో ఒప్పందమున్న చోట్ల జాబితాలో ఉందో లేదో, ముందస్తు అనుమతి వచ్చిందో లేదో ఇన్సూరెన్సు వాళ్లకే ఫోన్ చేసి తేల్చుకో. అనుమతి రాకముందే తీయించుకుని, మొత్తం బిల్లు నెత్తిన పడి మా బల్ల ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. పాలసీలో ఆటల దెబ్బలకు మినహాయింపు ఏమైనా ఉందేమో అదే ఫోన్లో అడుగు.

నగదు ధర కట్టేటట్టయితే అంచనా కాగితం రాతపూర్వకంగా తీసుకో. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఇన్సూరెన్సు లేనివాళ్లకూ, ఉన్నా వాడుకోనివాళ్లకూ ముందే ఆ అంచనా ఇవ్వాలి. వచ్చిన బిల్లు దానికంటే 400 డాలర్లు, అంతకుమించి ఎక్కువైతే బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లోగా 25 డాలర్ల రుసుముతో కేంద్ర ప్రభుత్వం దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. చాలామంది పిల్లలకు ఈ హక్కు ఉందని తెలియనే తెలియదు, నాకు బాధ కలిగించేది అదే.

స్కానింగ్ రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు, చప్పుడు మాత్రం గట్టిగా ఉంటుంది. ఒంట్లో ఎక్కడైనా లోహం ఉంటే ముందే చెప్పు, కదలకుండా పడుకో. బయటికి వచ్చేటప్పుడు మాత్రం సీడీ అడగడం మరచిపోకు, డౌన్‌లోడు చేసుకునే లింకు ఇచ్చినా సరే. రిపోర్టు ఒక్కటే చాలదు, బొమ్మలు కావాలి. అవి డైకామ్ అనే పద్ధతిలో ఉంటాయి, విజయవాడలో మీ నాన్న చూపించే ఎముకల డాక్టరు తన కంప్యూటరులో అవే బొమ్మలను తెరిచి చూసి తన అభిప్రాయం చెప్పగలడు.

మీ అమ్మ మాత్రం ‘టికెట్ కొనుక్కుని ఇక్కడికి వచ్చేయమను, పది వేల రూపాయల లోపే అయిపోతుంది’ అంటోంది. చెల్లెలి కంగారు నాకు తెలుసు గానీ ఈ మాటకు నేను ఒప్పుకోను. స్కానింగ్ ధర తక్కువే అయినా రానూపోనూ టికెట్టుకు అంతకు ఎన్నో రెట్లు పోతాయి, క్లాసులు పోతే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివేవాడికి అది చదువుతో ఆగే సమస్య కాదు. దానికి తోడు వాచిన కాలుతో ఇరవై గంటలు విమానంలో కూర్చుంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. డిసెంబరు సెలవులకు నువ్వు ఎలాగూ వెళుతున్నావు కాబట్టి, ఇక్కడి డాక్టరు చూసి ‘ఫిజియోథెరపీ చేస్తూ అప్పటిదాకా ఆగవచ్చు’ అని చెబితే అప్పుడు అక్కడ తీయించుకోవడం తెలివైన పనే. ఆ మాట అతను చెప్పాలి, మనం ఊహించుకోకూడదు.

ఎంత జాగ్రత్తపడినా పెద్ద బిల్లు వస్తే వెంటనే క్రెడిట్ కార్డుతో కట్టేయకు. ముందు వివరమైన బిల్లు అడిగి, చేసిన పనికీ రాసిన సంఖ్యలకూ పొంతన ఉందో లేదో చూడు. లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఆర్థిక సహాయ విధానం తప్పనిసరిగా ఉంటుంది, మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయం లేని విద్యార్థికి బిల్లులో పెద్ద భాగం మాఫీ అయిన సందర్భాలు నాకు తెలుసు. అదీ కుదరకపోతే వడ్డీ లేని వాయిదాలు అడుగు. వైద్యం కోసమంటూ అక్కడికక్కడే ఇచ్చే ప్రత్యేక కార్డులకు సంతకం పెట్టవద్దు, గడువులోగా మొత్తం తీర్చకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ కట్టిస్తారు.

రేపు ఉదయం తొమ్మిదింటికి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో. ఆర్డరు కాగితం చేతికి రాగానే ఫోటో తీసి నాకు పంపు, సెంటర్లకు ఫోన్లు ఇద్దరం పంచుకుని చేద్దాం. మీ పెదనాన్న పాత చంకకర్రలు గరాజులో ఉన్నాయి, రబ్బరు తొడుగులు మార్పించి శనివారం పప్పూ పచ్చడితో పాటు తెస్తాము. అప్పటిదాకా ఆ కాలు మీద మెట్లెక్కకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ