మూడు అధ్యాయాలు చదివినా గుర్తుండకపోతే

రోజూ మూడు అధ్యాయాలు చదువుతున్నా బైబిల్ మూయగానే ఏమీ గుర్తుండట్లేదన్నారు కదా, అది జ్ఞాపకశక్తి సమస్య కాదండీ, లెక్క పూర్తి చేయాలన్న తొందర.

1. బైబిల్లోని చిన్న పత్రిక, అంటే ఉత్తరం, ఒకటి తీసుకోండి. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఫిలిప్పీయులకు (ఫిలిప్పీ ఊరి విశ్వాసులకు) రాసినది 4 అధ్యాయాలే, పైకి చదివినా అరగంటలోపు అయిపోతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: ముందూ వెనకా చూడటం. ఆ పత్రిక 4:13లోని (4వ అధ్యాయం, 13వ వచనం) ‘సమస్తమును చేయగలను’ అనే మాటను పరీక్షల ముందు స్టేటస్‌గా పెట్టుకుంటాం (నేనూ పెట్టాను!), కానీ పైన 11, 12 వచనాలు చదివితే పౌలు చెబుతున్నది ఆకలిగా ఉన్నా కడుపు నిండినా తృప్తిగా ఉండటం గురించి, అదీ ఖైదీగా బంధకాల్లో ఉండి. వచన సంఖ్యలు ఆయన వేసినవి కావు, కొత్త నిబంధనకు 1551లో చేర్చారు, కాబట్టి అంకె దగ్గర ఆగక్కర్లేదు.

3. పుస్తకం మూసి, ఎవరు ఎవరికి ఎందుకు చెప్పారో మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే మర్నాడు మళ్ళీ అదే భాగం.