బొమ్మ దాచేముందు టేపు పట్టుకో

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగినట్టు చెప్పు.

నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలున్న ఆ పాత మండువా ఇల్లు పడగొట్టకుండా బాగుచేయించుకుందామని మీరిద్దరూ అనుకోవడం చాలా సంతోషం. సంక్రాంతి వెళ్లాక పని మొదలంటున్నారు కాబట్టి చేతిలో ఇంకా మూడు నెలలున్నాయి. నచ్చిన ఫోటోలు దాచుకునే ఆ పింటరెస్ట్ యాప్‌లో అప్పుడే నాలుగొందల ఇళ్ల బొమ్మలు దాచానన్నావు. వాటిలో దేన్నీ తీసెయ్యకు గాని, కొత్తవి దాచడం ఓ వారం ఆపు. ముందు కావలసినవి మీ ఇంటి బొమ్మలు.

ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ తియ్యి. ఫోను గుండెల ఎత్తున నిటారుగా పట్టుకో. కెమెరాలో వెడల్పుగా చూపే 0.5 నొక్కి తీశావంటే పదడుగుల గది పదిహేనడుగుల్లా కనపడి తరవాత నిన్నే మోసం చేస్తుంది. కప్పు, నేల, తలుపు వెనక గోడ విడివిడిగా తియ్యి. పొద్దున ఏడింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి తీస్తే ఎండ ఎటు పడుతోందో తెలుస్తుంది. వాన కురుస్తున్నప్పుడు తీసినవి అన్నిటికన్నా విలువైనవి. ఏ పెంకు కింద వాసం తడుస్తోందో, మండువాలో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే కనపడుతుంది. గోడకి చెమ్మ ఎక్కినచోట టేపు ఆనించి తీస్తే ఎంత ఎత్తు ఎక్కిందో ఫోటోలోనే ఉంటుంది. గదుల పొడవు వెడల్పులు, కిటికీ గట్టు ఎత్తు, దూలం అడుగు దాకా ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం ఒక కాగితం మీద వేసి, ఆ కాగితాన్నీ ఫోటో తీసి అన్నిటికన్నా ముందు పెట్టుకో.

ఇక పింటరెస్ట్‌లో బొమ్మలు దాచుకునే సంచుల్లాంటి బోర్డుల సంగతి. 'మా ఇల్లు' అని ఒకే బోర్డులో నాలుగొందలూ పోస్తే అది కొట్టుగదితో సమానం, వెతికింది ఒక్కటీ చేతికి రాదు. గదికో బోర్డు చేసి, అందులో పనికో సెక్షన్ పెట్టు. వంటింటికి గట్టు, అరలు, వెలుతురు, నీళ్లు. మండువాకి కప్పు, స్తంభాలు, నేల, వాననీళ్లు పోయే దారి. బోర్డు చేసేటప్పుడే సీక్రెట్ అని పెట్టి, అల్లుడుగారినీ మీ అత్తగారినీ మాత్రం అందులోకి పిలువు. ఎవరికి నచ్చినవి వాళ్లే దాస్తే తగువేదో బొమ్మల దగ్గరే తీరిపోతుంది, గోడ లేచాక రాదు.

నేను చెప్పేవాటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చెయ్యి. ప్రతి బొమ్మ కిందా అందులో నచ్చిందేమిటో ఒక్క వాక్యం రాయి. 'బాగుంది' అని కాదు. 'కిటికీ కింద కూర్చునే అరుగు, ఎత్తు అడుగున్నర, మా పడమటి గదికి' అని రాయాలి. రాద్దామంటే మాట తట్టలేదనుకో, నీకు నచ్చింది ఆ గది కాదు, అక్కడ పడిన ఎండో, మూలనున్న మొక్కో అయ్యుంటుంది. మొక్క కడియం నర్సరీల్లో దొరుకుతుంది, దానికోసం గోడ కొట్టక్కర్లేదు. మీ దగ్గరున్న నాలుగొందలకీ ఇలా రాస్తూ కూర్చుంటే సగానికి పైగా వాటంతటవే రాలిపోతాయి. మిగిలినవాటిలో సెక్షనుకి ఆరే ఉంచు, ఏడోది రావాలంటే ఒకటి పోవాలి. 'వద్దు' అని ఇంకో సెక్షన్ కూడా పెట్టు. ఏది అక్కర్లేదో బొమ్మలో చూపిస్తే మేస్త్రీకి తొందరగా అర్థమవుతుంది.

బొమ్మలో గది ఎంతుందో కనిపెట్టడం నేర్చుకో. నేల మీద పలకలు లెక్కపెట్టు. హాళ్లలో ఎక్కువగా వేసేవి రెండడుగుల పలకలు. అడ్డంగా తొమ్మిది, నిలువుగా పదకొండు ఉన్నాయంటే అది 18 బై 22 అడుగుల హాలు. ఆ సోఫా, ఆ మధ్య బల్ల 10 బై 12 గదిలోకి తెస్తే మనిషి పక్కకి తిరిగి నడవాలి. పలకలు కనపడకపోతే తలుపు ఏడడుగులనుకుని, దాంతో అదే గోడ మీదున్న అరల ఎత్తు లెక్కకట్టు. దూరంగా ఉన్న వేరే గోడని దాంతో కొలవకు, లెక్క తప్పుతుంది.

ఆ తరవాత మన నేల సంగతి చూడాలి. మన గోదావరి డెల్టాలో నల్లమట్టి, నీళ్లు పైపైనే ఉంటాయి. ఇటుక ఆ చెమ్మని పీలుస్తుంది. నీరు ఆరినచోట దానిలోని ఉప్పు పొడిలా తేలి, సున్నాన్నీ రంగునీ ఊడగొడుతుంది. ఈ బాధ మామూలుగా నేల నుంచి మూడడుగుల దాకా ఉంటుంది. కాబట్టి ఏ బొమ్మ దాచినా ముందు కింది మూడడుగులు చూడు. అక్కడ వాల్‌పేపరో, చెక్క పలకలో, జిప్సం పనో ఉంటే మీ ఇంట్లో నిలవదు. పాత సున్నపు గోడ మీద సిమెంటు మెత్తేసినా చెమ్మ లోపలే ఇరుక్కుని ఇంకా పైకెక్కుతుంది. పూత లేని ఇటుక గోడ ఫోటోలో ఎంత ముచ్చటగా ఉన్నా మన దగ్గర దాని మీద ఉప్పు తెల్లగా పూస్తుంది. సముద్రపొడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లకైతే సన్న ఇనుప చువ్వల కటకటాలు కూడా 'వద్దు'లోకే వెయ్యమంటాను, ఉప్పుగాలికి తుప్పు తినేస్తుంది.

మండువా బొమ్మ నచ్చితే ముందు తూము ఎక్కడుందో వెతుకు. 1200 చదరపు అడుగుల కప్పు లోపలికి వాలిందనుకో, 10 సెంటీమీటర్ల వాన పడిన రోజున 11 వేల లీటర్ల నీళ్లు ఆ గుంటలోకి దిగుతాయి. గులకరాళ్లు పోసి, మధ్యలో బుద్ధుడి బొమ్మ పెట్టిన మండువాలు చాలా కనపడతాయి. ఆ నీళ్లు ఎటు పోతాయో బొమ్మలో కనపడకపోతే దాన్నుంచి స్తంభాల రంగు తీసుకో, నేల తీసుకోకు.

వంటింటి బొమ్మల్లో గ్యాస్ బండ, గ్రైండరు, పాతిక కిలోల బియ్యం బస్తా ఎక్కడున్నాయో చూడు. చాలావాటిలో ఉండవు, అందుకే అవి అంత అందంగా ఉంటాయి. అమెరికా వంటిళ్లలో గట్టు 36 అంగుళాలుంటుంది. నువ్వు గట్టు ముందు నిలబడి మోచెయ్యి మడిచి, అక్కడి నుంచి నాలుగైదు అంగుళాలు కిందికి కొలుచుకో. పెద్ద గిన్నెలో గరిటె తిప్పడానికి ఆ ఎత్తు సుఖం. అరలకి ధర అడిగేటప్పుడు బొమ్మ ఒక్కటే చూపించకు. ప్లైవుడ్ తడికి తట్టుకునే ఐఎస్ 710 రకమా, మందం 18 మిల్లీమీటర్లేనా అని అడిగి ఆ బొమ్మ కిందే రాసుకో. చెక్కపొట్టు నొక్కి చేసే ఎండీఎఫ్ పలక అయితే తడి తగిలితే ఉబ్బిపోతుంది. సింకు కింద అసలు పెట్టించకు.

ఇప్పుడు కంప్యూటరు గీసినవి కూడా ఫోటోల్లాగే వస్తున్నాయి. పింటరెస్ట్ కొన్నిటి మీద ఏఐ అని చెబుతుంది, అన్నిటి మీదా కాదు. దూలం చివర చూడు, గోడ మీద ఆనకుండా గాల్లో ఆగిపోయి ఉంటుంది. ఒక స్తంభం కింద పీట గుండ్రంగా, పక్కదాని కింద చదరంగా ఉంటుంది. పెంకుల వరసలు మధ్యలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అలాంటిదాన్ని వడ్రంగికి చూపిస్తే అతనేం చేస్తాడు పాపం.

వెతకడం వస్తువు పేరుతో వెతుకు. 'ఇంటీరియర్ డిజైన్' అని కొడితే అందరికీ వచ్చే బూడిదరంగు వంటిల్లే నీకూ వస్తుంది. ఇంగ్లీషులో కోర్ట్‌యార్డ్ వుడెన్ పిల్లర్, మంగళూర్ టైల్ సీలింగ్, రెడ్ ఆక్సైడ్ ఫ్లోర్ అని కొట్టు. కేరళ నాలుకెట్టు, చెట్టినాడు ఇళ్లు మన మండువాకి దగ్గరి చుట్టాలు, వాటి పేర్లతోనూ వెతుకు. నచ్చిన బొమ్మలో వెతికే గుర్తు నొక్కి, గడిని తలుపు గొళ్లెం మీదికి మాత్రమే జరిపితే అలాంటి గొళ్లేలే వస్తాయి. రీల్స్‌లో నచ్చింది ఆ క్షణానే స్క్రీన్‌షాట్ తీసి, లింకు కూడా దాచు. రేపు ఆ ఖాతా మూసేస్తే మళ్లీ దొరకదు.

రంగు మాత్రం ఫోను చూసి ఖాయం చెయ్యకు. గోడ మీద రెండడుగుల చదరాన రెండు పూతలు వేయించి, పగటి వెలుతురులో, రాత్రి లైటు కింద చూసి చెప్పు.

మేస్త్రీకీ వడ్రంగికీ బోర్డు లింకు పంపకు. పనికి ఒకే బొమ్మ. ఒక కాగితం మీద ఎడమ పక్క మీ ఇంటి ఫోటో, కుడి పక్క నచ్చిన బొమ్మ వేయించి, కావలసినచోట ఎర్ర పెన్నుతో చుట్టి, కొలత అడుగులు అంగుళాల్లో రాయి. పైన నంబరు వెయ్యి, మండువా మూడోదైతే మం-3. ఫోన్లో మాట్లాడేటప్పుడు 'మం-3 చూడండి' అంటే చాలు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపు, ఫోటోగా పంపితే కొలతలు అలుక్కుపోతాయి. ఒకే పనికి రెండు బొమ్మలిచ్చి 'ఇందులో పైది, అందులో కిందది' అన్నావో, అతను తనకొచ్చిన మూడోది కడతాడు.

ఈ ఆదివారం ఫోటోలు తీసి, కొలతల కాగితం నాకూ పంపు. మండువా తూము మూత తీయించి, లోపల ఎన్ని అంగుళాల వెడల్పుందో కూడా అందులో రాయి.

ఆశీస్సులతో,
బాబాయి