ప్రీ ఆర్డర్ చేసిన గేమ్ వాయిదా పడింది... కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాడి పోరు పడలేక ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) గేమ్ డీలక్స్ ఎడిషన్ డిస్క్‌ను నా పేరు మీద, నా కార్డుతో ప్రీ ఆర్డర్ చేశాను. రూ.6,499 మొత్తం ముందే కట్టేశాను. ఇస్తామన్న తేదీ దాటిపోయింది. ఇప్పుడు ఆరు నెలలు వాయిదా పడిందని మెయిల్ పెట్టారు. డబ్బు తిరిగి ఇచ్చేయమంటే ‘ప్రీ ఆర్డర్లకు రీఫండ్ ఉండదు, మీరు ఒప్పుకున్న నిబంధనల్లోనే ఉంది’ అంటున్నారు. నిజంగానే నాకు దారి లేదా? అసలు ఈ ప్రీ ఆర్డర్ల వల్ల కొనేవాళ్లకు ఏమైనా మేలు ఉందా?

జవాబు: నిబంధనల్లో రాసుకున్నారు కదా అని ఆ డబ్బు మీద ఆశ వదులుకోకండి. దుకాణం రాసుకున్న షరతు చట్టాన్ని దాటిపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సరుకు చేతికి రాకపోయినా, డబ్బు కట్టిన నాటి నుంచే మీరు వినియోగదారు. ఆన్‌లైన్ కొనుగోలుకూ ఇదే వర్తిస్తుంది. పైగా 2020 జులైలో వచ్చిన ‘ఈ-కామర్స్’ (ఆన్‌లైన్ అమ్మకాల) నియమాలు ఒక మాట స్పష్టంగా చెప్పాయి. సరుకు ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా ఇచ్చినా, వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం అనడానికి అమ్మకందారుకు వీల్లేదు. ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. ‘గేమ్‌ను ఇంకా మెరుగుపరుస్తున్నాం’ అన్నది విపత్తు కాదు. అది వాళ్ల వ్యాపార నిర్ణయం. గేమ్ తీసిన కంపెనీ వేరు, మేం అమ్మేవాళ్లమే అని స్టోర్ అనవచ్చు. తేదీ చెప్పి మీ దగ్గర డబ్బు తీసుకున్నది స్టోరే కాబట్టి మీకు జవాబు చెప్పాల్సిందీ స్టోరే.

ఇక్కడ ఒక విషయం చూసుకోండి. మీరు ఆర్డర్ చేసిన రోజు పేజీలో ఏ తేదీ ఉంది? చాలా స్టోర్లు అసలు తేదీ తెలియనప్పుడు ‘డిసెంబర్ 31’ అని ఊరికే పెట్టేస్తాయి, కింద చిన్న అక్షరాల్లో ‘తేదీ మారవచ్చు’ అని రాస్తాయి. మీ ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్‌లో కచ్చితమైన తేదీ ఉంటే మీ కేసు గట్టిది. ‘మారవచ్చు’ అని ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అప్పుడు కూడా, ఎంత కాలమైనా డబ్బు అట్టేపెట్టుకుంటాం, మీరు మాత్రం తప్పుకోకూడదు అనడం అనుచిత వాణిజ్య పద్ధతి అని మనం వాదించవచ్చు.

ఇంకా ముఖ్యమైనది వాయిదా గురించి వచ్చిన ఆ మెయిల్. అందులో ‘కొత్త తేదీకి ఆర్డర్ కొనసాగించండి’ అన్న బటన్ ఉంటే దాన్ని నొక్కకండి. గడువే ముఖ్యమైన ఒప్పందంలో, ఆలస్యానికి ఒప్పుకుని సరుకు తీసుకుంటే, ఆ సమయంలోనే అభ్యంతరం చెప్పకపోతే నష్టపరిహారం అడగలేమని కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అందుకని ఈ రోజే ఆ మెయిల్‌కు జవాబు రాయండి. ‘కొత్త తేదీకి నేను ఒప్పుకోవడం లేదు, ఆర్డర్ రద్దు చేసి రూ.6,499 తిరిగి ఇవ్వండి’ అంటే చాలు. కోపంగా పేజీలు పేజీలు రాయక్కర్లేదు.

ఆ జవాబు కాపీని స్టోర్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) కూడా పంపండి. ఆ పేరు, మెయిల్ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. పనిలో పనిగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. స్టోర్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉంటున్న చోటే వేసుకోవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. నిబంధనల్లో ఆర్బిట్రేషన్ (తగాదాను కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) అని ఉన్నా భయపడకండి, అది వినియోగదారుల కమిషన్ తలుపు మూయలేదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఒప్పందమే అన్యాయమైనది, కొట్టేయండి’ అని రాస్తే ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్‌ది కాదు. కాబట్టి సేవా లోపం, అనుచిత వాణిజ్య పద్ధతి అనే రాయండి. పరిహారం లక్షల్లో అడగకండి. కట్టిన డబ్బు, దాని మీద వడ్డీ, ఖర్చులు అడిగితే వినేవాళ్లకు సబబుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సరుకే కాదని అవతలివాళ్లు అంటే, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన అమ్మకపు పన్ను కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. డిస్క్‌లో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని అందులో చెప్పారు.

ఇక మీ రెండో ప్రశ్న. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌ను ప్రీ ఆర్డర్ చేయడం వల్ల కొనేవాళ్లకు దాదాపు ఏమీ ఒరగదని నా గట్టి అభిప్రాయం. డౌన్‌లోడ్‌కు స్టాకు అయిపోవడం అంటూ ఉండదు, ఇక ముందే పట్టి ఉంచుకోవడానికి ఏముంది? మీకు దక్కేది గేమ్‌లో వాడుకునే ఒక డ్రెస్సో, ఆయుధమో బోనస్‌గా. వాళ్లకు దక్కేది వడ్డీ లేకుండా మీ డబ్బు. అంతకంటే పెద్ద నష్టం, గేమ్ ఎలా ఉందో తెలియకముందే మీరు బేరం ముగించేస్తారు. సైబర్‌పంక్ 2077 అన్న గేమ్‌నే తీసుకోండి. మూడుసార్లు వాయిదా పడి 2020 డిసెంబర్ 10న వచ్చింది. అప్పటికే 80 లక్షల ప్రీ ఆర్డర్లు ఉన్నాయి. రివ్యూలు రాసేవాళ్లకు విడుదలకు ముందు పీసీ వెర్షనే ఇచ్చారు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమ్ కన్సోళ్లలో అది ఎంత ఘోరంగా నడుస్తుందో డబ్బు కట్టినవాళ్లకు విడుదలయ్యాకే తెలిసింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి పూర్తి రీఫండ్ ఇస్తామంది. గేమ్ మళ్లీ ఆ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో. ఇంత పెద్ద గొడవ కాబట్టి రీఫండ్ వచ్చింది. ఓ మాదిరిగా పాడైన గేమ్‌కు ఎవరూ అలా ఇవ్వరు.

ప్రీ ఆర్డర్ రద్దు చేసుకునే వీలు విషయంలో కంపెనీకో తీరు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో విడుదలయ్యే వరకూ ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. విడుదలయ్యాక 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే అప్పుడూ రీఫండ్ అడగవచ్చు. గేమ్ కంపెనీ నింటెండో ఆన్‌లైన్ స్టోర్ ‘ఈ-షాప్’లో ఒకప్పుడు రద్దుకు అసలు వీలుండేది కాదు. నార్వే వినియోగదారుల సంస్థ తగాదా పెట్టుకుంది, జర్మనీలో కోర్టు దాకా వెళ్లింది. కింది కోర్టు కంపెనీ వైపే మొగ్గినా, ఆ తర్వాత నింటెండో తన పద్ధతి మార్చుకుంది. ఎవరో పట్టుబడితేనే ఇలాంటి షరతులు మారతాయి. అందుకే మీ రూ.6,499 చిన్న మొత్తమని వదిలేయొద్దంటున్నాను.

‘కొద్ది గంటలే ఆఫర్’, ‘కొన్నే మిగిలాయి’ అని డిజిటల్ గేమ్ మీద కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లేని తొందర పుట్టించడాన్ని కేంద్రం 2023 నవంబర్ 30 మార్గదర్శకాల్లో నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుల్లో) చేర్చింది.

బొమ్మలు, ఆర్ట్ బుక్కు కలిపి నిజంగానే తక్కువ సంఖ్యలో వచ్చే కలెక్టర్స్ ఎడిషన్ సంగతి వేరు. అది అయిపోతే మళ్లీ దొరకదు. అలాంటిది కావాలనుకుంటే మొత్తం కట్టకుండా కొద్దిగా అడ్వాన్స్ తీసుకునే స్టోర్ చూసుకోండి, రద్దు షరతులు ముందే చదవండి, క్రెడిట్ కార్డుతో కట్టండి. సరుకు రాకపోతే బ్యాంకును చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం) అడిగే వీలుంటుంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి, మీరు కట్టింది కూడా కార్డుతోనే గనక, బ్యాంకుకు ఇప్పుడే రాయండి.

చివరగా, ఆర్డర్, కార్డు రెండూ మీ పేరు మీదే ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు మీరే వేయాలి. ఒకవేళ బిల్లు అబ్బాయి పేరు మీద వచ్చి ఉంటే, వాడికి 18 నిండకపోతే, అమ్మ లేదా నాన్నగా వాడి తరఫున వేస్తున్నానని మొదటి పేరాలోనే రాయండి.