నిలకడ నీటిలో కదలికను కాంతి ఎలా చెబుతుంది?

ప్రశ్న: నీటి అణువులు పికోసెకనులో, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతులో, తమ అమరికను మార్చుకుంటాయని చదివాను. ఇంత వేగాన్ని కాంతి పరిక్షేపణంతో, అంటే కాంతి చెదిరే తీరుతో, ఎలా కొలుస్తారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: నీటి గుండా 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కాంతిని పంపితే, చెదిరిన కాంతిలో ఎక్కువ భాగం అదే రంగులో బయటికి వస్తుంది. అయితే వర్ణపటంలో ఆ గీత సన్నగా ఉండక, ఇరువైపులా కొంత పరుచుకుంటుంది. కాంతిని చెదరగొట్టే అమరిక ఎంత త్వరగా మారిపోతే ఆ పరుపు అంత వెడల్పవుతుంది కనుక, వెడల్పును కొలిస్తే కాలం దానంతటదే లెక్కకు వస్తుంది. ఒక పికోసెకనులో సడలిపోయే కదలిక, గీత సగం ఎత్తు దగ్గర, మధ్య నుంచి ఒక్కో వైపుకు సుమారు 5 తరంగ సంఖ్యల (ఒక సెంటీమీటరులో ఇమిడే తరంగాల లెక్క) వెడల్పునిస్తుంది. నీటి అణువులను ఒకదానితో ఒకటి కలిపే హైడ్రోజన్ బంధాలు తెగి మళ్లీ కలిసేది సుమారుగా ఈ వ్యవధిలోనే.

కాంతి చెదిరేటప్పుడు అణువుతో శక్తిని ఇచ్చిపుచ్చుకుని రంగు మారే రామన్ పరిక్షేపణం చెప్పే కథ ఇంకా ఆసక్తికరం. అణువులోని ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం సాగుతూ కుంచించుకుపోయే కంపనానికి కొంత శక్తిని వదులుకున్న ఆకుపచ్చ కాంతి, 650 నానోమీటర్ల దగ్గర ఎరుపుగా బయటపడుతుంది. నీటి ఆవిరిలో ఈ కంపనం 3657 తరంగ సంఖ్య దగ్గర సన్నని గీత. ద్రవంలోనైతే 3000 నుంచి 3700 వరకు పరుచుకున్న పెద్ద గుట్ట. ఒక్కో అణువు పొరుగువారితో ఒక్కో బిగువున కట్టుబడి ఉండటమే దీనికి ముఖ్యకారణం. నీటిని వేడిచేస్తే, గట్టి హైడ్రోజన్ బంధాల వైపు, 3250 ప్రాంతంలో ఉన్న భాగం తగ్గుతుంది. దీన్నిబట్టి నీటిలో రెండు రకాల అణువులున్నాయని కొందరు వాదించారు గాని, గుట్ట ఆకారం ఒక్కదానితో అంత దూరం వెళ్లడం తొందరపాటని నా అభిప్రాయం.

కాంతి పరిక్షేపణంపై పరిశోధించిన సూరి భగవంతం హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి, తరువాత మీ పొరుగునే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.

ప్రయోగం చేయాలనుకుంటే మాత్రం కుళాయి నీరు పనికిరాదు. శుద్ధమైన నీరు కాంతిని చాలా బలహీనంగా చెదరగొడుతుంది. ధూళి కణాలు దాన్ని సులువుగా మించిపోతాయి. అందుకే స్వేదనజలాన్ని 0.2 మైక్రాన్ల వడపోత గుండా పంపి, శుభ్రమైన గాజుపాత్రలో మూతపెట్టి వాడతారు.