నేలలో లావెక్కిన మేపుల్‌ను బోన్సాయ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏళ్ళ తరబడి నేలలో పెరిగిన ట్రైడెంట్ మేపుల్ (మేపుల్‌లో ఒక రకం) చేతికొచ్చిందని, మొదలు బాగా లావుందని, కానీ పైదాకా ఒకటే లావుగా తిన్నగా పోయిందని రాశారు. కింది కొమ్మల్లో ఏవి ఉంచాలి, కుండీలోకి ఎప్పుడు మార్చాలి అన్నవి మీ ప్రశ్నలు.

కొమ్మల సంగతి ప్రస్తుతానికి మరిచిపోండి. ఇప్పుడున్న వాటిలో చివరికి ఒక్కటీ మిగలకపోవచ్చు. మేపుల్‌కి ఆరోగ్యం బాగుంటే ముదురు మాను మీద కూడా కొత్త చిగుళ్ళు పుట్టుకొస్తాయి. వేర్లు అలా కాదు. మొదట్లో సరిచేయకపోతే, తర్వాత చెట్టు ఎంత అందంగా తయారైనా అక్కడే చూపు ఆగుతుంది.

తవ్వడానికి మంచి సమయం చలికాలం చివర. మొగ్గలు ఉబ్బుతుండాలి, విచ్చుకోకూడదు. నా చెట్టు తవ్వినప్పుడు పైమట్టి తీయగానే చుట్టూ సన్నటి వేర్లు చక్కగా కనిపించాయి. పైపుతో నీళ్ళు కొట్టి మొత్తం కడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ సన్న వేర్లకు నాలుగు వేళ్ళ కింద, ఒకే పక్కకి, నా బొటనవేలికి రెండింతల లావున్న వేరొకటి పోయింది. చెట్టు తిండంతా దానిమీదే నడుస్తోంది. దాన్ని అలాగే ఉంచితే ఆ పక్క మాత్రమే లావెక్కుతుంది, మిగతా వేర్లు సన్నగానే ఉండిపోతాయి. అందుకే దాన్ని రంపంతో మానుకి దగ్గరగా కోసేసి, అడుగు మొత్తం బల్లపరుపుగా చేశాను. తల్లివేరు కూడా అక్కడితో సరి. పైన పొడవాటి కొమ్మల్ని కొంచెం కురచ చేశాను, అంతకుమించి ముట్టుకోలేదు.

ట్రైడెంట్ కాబట్టి అంత ధైర్యం చేశాను. పీచువేర్లు కాసిని మిగిలినా అది కోలుకుంటుంది. అదే జపనీస్ మేపుల్ అయితే లావు వేర్లన్నీ ఒకేసారి తీయకుండా, మధ్యలో కోలుకునే టైం ఇస్తూ రెండు మూడు విడతల్లో తీయడం మంచిది.

ఒక పక్క అసలు వేర్లే లేకపోతే రెండు దారులున్నాయి. ఖాళీ ఉన్న చోట మానుకి చిన్న గాడి చెక్కి, అందులో అదే రకం నారుమొక్కను బిగించి అంటు కట్టొచ్చు. లేదా వసంతంలో వచ్చిన ఆకులు ముదిరాక, వేర్లు కావాల్సిన ఎత్తులో బెరడును చుట్టూ వెడల్పు ఉంగరంలా తీసి, కింది పచ్చటి పొరను పూర్తిగా గీకి, తడి నాచుతోనో మట్టితోనో కప్పి ఉంచొచ్చు. పచ్చపొర ఏమాత్రం మిగిలినా బెరడు మళ్ళీ అతుక్కుపోతుంది, వేర్లు రావు. వేర్లు మరీ దారుణంగా ఉంటే నేను రెండో దారే పడతాను.

ఇక కుండీ. మీ మాను పైదాకా ఒకే లావుంటే కుండీకి ఇంకా చాలా టైం ఉంది. వేర్లు సరిచేశాక, కింద వెడల్పాటి పలక గానీ టైల్ గానీ పెట్టి మళ్ళీ నేలలోనే నాటండి. వేర్లు కిందికి దిగలేక పక్కలకి పరుచుకుంటాయి. నేల కుదరకపోతే లోతు తక్కువగా ఉన్న వెడల్పాటి చెక్కపెట్టె వాడండి, అందులో నీళ్ళు నిలవని గరుకు మిశ్రమం ఉండాలి. చెట్టును పెట్టెకి తీగతో గట్టిగా కట్టేయండి. గాలికి మాను కదిలితే కొత్త వేర్ల కొనలు తెగిపోతుంటాయి. చిన్న కుండీలోకి మార్చిన మరుక్షణం లావు పెరగడం, గాయాలు మూసుకోవడం రెండూ నత్తనడకన పడతాయి. కుండీలో చూసుకోవాలని ఎవరికైనా తొందరే, కానీ ఆ పనులు తేలేదాకా ఆగక తప్పదు.

మాను నరకడం మరుసటి ఏడాది. వేర్లూ మానూ ఒకేసారి కోసేవాళ్ళున్నారు, ట్రైడెంట్ తట్టుకుంటుంది కూడా. నేను మాత్రం చేయను. కొత్త వేర్లకు తిండి ఆకుల నుంచే వస్తుంది. పెద్ద గాయం మూయాలంటే చెట్టు ఊపు మీద ఉండాలి. చలికాలం చివర పెద్ద కోత పెడితే మేపుల్‌కి నీరు ధారగా కారుతుంది (షుగర్ మేపుల్ నుంచి సిరప్‌కి సేకరించేది ఆ కాలపు నీరే). అందుకని వేసవి మొదట్లో, ఆకులు ముదిరాక కోస్తాను.

ఎక్కడ కోయాలంటే, చెట్టు ఎత్తు మొదలు లావుకి ఆరింతలు అన్నది బోన్సాయ్‌లో వాడుకలో ఉన్న ఒక లెక్క. మొదలు 8 సెంటీమీటర్లుంటే చెట్టు దాదాపు 48 సెంటీమీటర్లు. అందులో మూడో వంతు, అంటే 15, 16 సెంటీమీటర్ల దగ్గర మొదటి కోత. కానీ సరిగ్గా అక్కడే కోయకండి, కొంచెం మొద్దు వదలండి. కోసిన చోటి నుంచి కింది కణుపు దాకా మేపుల్ ఎండిపోతుంది. చిగుళ్ళు వచ్చాక వాటిలో ఒకదాన్ని కొత్త తలగా, అంటే ఇకపై మానుగా పైకి సాగే కొమ్మగా ఎంచుకుని, అది బలపడ్డాక మొద్దుని దానివైపు ఏటవాలుగా కోసేయండి. కోతను మధ్యలో కాస్త గుంటగా చెక్కి, అంచులకు కట్ పేస్ట్ (కోతల మీద పూసే లేపనం) పూయండి. లేకపోతే బెరడు మూసుకున్నాక అక్కడ బొడిపెలా తేలుతుంది.

ఆ కొత్త తలని ఇష్టం వచ్చినట్టు పెరగనివ్వండి. మనిషి ఎత్తు దాటినా కత్తెర పెట్టొద్దు. దాని మొదలు, కోసిన చోటి లావులో మూడింట రెండు వంతులకు వచ్చాక దాన్నీ కురచగా కోసి, మళ్ళీ కొత్త తలని ఎంచుకోవాలి. కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా అయ్యేది ఈ పద్ధతిలోనే.

కొమ్మల వంతు ఆ తర్వాతే. మేపుల్‌కి మొగ్గలు ఎదురెదురుగా జంటగా వస్తాయి. మాను మీద ప్రతి జంటలో ఒకటే ఉంచండి, రెండూ ఉంటే అక్కడ బుడిపె కడుతుంది. కొమ్మల్ని వంచడానికి వసంతంలో వైర్ చుడితే వారం వారం చూసుకోండి. బెరడు మెత్తన, తీగ ఇట్టే దిగబడుతుంది, ఆ గీత ఏళ్ళ తరబడి పోదు. ఆకులన్నీ దులిపేసి చిన్న ఆకులు తెప్పించే పని ఇప్పట్లో తలపెట్టకండి, అది దాదాపు పూర్తయిన చెట్లకు.

మొత్తం మీద పదేళ్ళ పని అనుకోండి. తవ్విన రోజున వేర్లు కడిగి నాలుగు పక్కల నుంచీ, అడుగు నుంచీ ఫొటోలు పెట్టండి. పక్కన స్కేలు ఉంటే ఇంకా నయం. ఏ వేరు తీయాలో, అంటు అవసరమో కాదో అవి చూశాకే చెప్పగలను.