ఖండాలు ఢీకొన్న చోట పుట్టిన లావాలో పొటాషియం అంత ఎక్కువెందుకు?

కింద కరిగిన మాంటిల్‌కే (భూమి పైపెంకు కిందనున్న మందపాటి రాతి పొరకే) పొటాషియం ముందుగా పట్టి ఉంటుంది కాబట్టి. ఖండాలు ఢీకొనక ముందు వాటి మధ్యనున్న సముద్రపు పలక (సముద్రం అడుగునుండే భూఫలకం) లోపలికి దిగిపోతూ, తనలోని నీటితోనూ కరిగిన అవక్షేపాలతోనూ పొటాషియం, రుబీడియం, బేరియంలను పైనున్న మాంటిల్‌లోకి ఎక్కిస్తుంది. నియోబియం, టాంటలం మాత్రం మొండివి, నీటిలో అంత తేలిగ్గా కరగవు, రూటైల్ లాంటి ఖనిజాల్లో ఇరుక్కుని చాలావరకు పలకతోనే పోతాయి. ఆ మాంటిల్ ఎప్పుడు కరిగినా లావాలో అదే తేడా, అంటే పొటాషియం ఎక్కువ, నియోబియం తక్కువ, కనిపిస్తుంది. దక్షిణ టిబెట్ లావాలే చూడండి: భారత్, ఆసియా ఢీకొన్న కోట్ల ఏళ్ల తర్వాత పైకొచ్చాయి, అయినా కొన్నింటిలో పొటాషియం ఆక్సైడ్ సోడియం ఆక్సైడ్‌కి రెండింతలు దాటుతుంది. నియోబియం తక్కువ కనబడగానే ‘అప్పటికింకా పలక దిగుతూనే ఉంది’ అని చాలామంది తేల్చేస్తారు, అది తొందరపాటు; ఆ గుర్తు ఎప్పుడో ఆగిపోయిన పాత పలకది కూడా కావచ్చు.